కంటికి ఆనని బండి

ఆ ఏడు మంచు ముందే దిగింది. తెల్లారినా తెల్లారనట్టే ఉండేది. కిటికీ తీస్తే ఎదురింటి గోడ కనబడేది కాదు, వీధి దీపం కనబడేది కాదు. దీపం ఉండాల్సిన చోట పసుప్పచ్చని మరక ఒకటి కనబడేది. అమ్మ బండి తీసి ఆ మరక కిందనుంచి వెళ్లేది. నాలుగడుగులు పోగానే మనిషి మాయమై చప్పుడు మిగిలేది, కాసేపటికి ఆ చప్పుడూ మంచులో నానిపోయేది. నేను మళ్లీ దుప్పటి కప్పుకునేదాన్ని. ఇప్పుడు ఆ రోజులు తల్చుకుంటే ఏది కళ్లారా చూశానో, ఏది సగం నిద్రలో విన్నానో సరిగ్గా విడదీయలేను.

అమ్మది రక్తం తీసే పని. పరగడుపున ఇవ్వాల్సిన రక్తం కదా, పొద్దు పొడవకముందే మొదలవ్వాలి. మంచం పట్టినవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు, ల్యాబ్ దాకా నడవలేనివాళ్లు మా పేటలో చాలామందే ఉండేవాళ్లు. "దోమ కుడితే తెలుస్తుంది గానీ మీ అమ్మ సూది గుచ్చితే తెలీదు" అనేవాళ్లు. ఇళ్లన్నీ ముగించుకుని, ట్యూబులన్నీ ఐసు పెట్టెలో సర్దుకుని, ఆ పెట్టె బండి వెనక కట్టుకుని ల్యాబ్‌కి వెళ్లాలి. వెళ్లాలంటే మా వీధి పెద్ద రోడ్డులో కలిసే చోట సిగ్నల్ దాటాలి.

ఆ సిగ్నల్ దగ్గరే వచ్చింది చిక్కంతా. పెద్ద రోడ్డుకి ఎప్పుడూ పచ్చే. మా వీధిలో బండేదో వచ్చి ఆగిందని తెలిస్తేనే పెద్ద రోడ్డుని ఆపి మాకు దారి ఇస్తుంది. కారు ఆగితే దానికి తెలుస్తుంది. అమ్మ ఆగితే తెలీదు.

"మీ సిగ్నల్ కంటికి నేను ఆనడం లేదే," అంది అమ్మ ఒక రోజు, నా ముందు పళ్లెం పెడుతూ. నగరపాలక సంస్థలో సిగ్నళ్ల సెక్షన్‌లో నాకు ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచీ ఊళ్లో సిగ్నళ్లన్నీ నా సొంతమన్నట్టే మాట్లాడేది.

"ఎవరి కంటికీ?" అంది నానమ్మ వసారాలోంచి.

మా నానమ్మది పుట్టుకతోనే పెద్ద గొంతు. ఆవిడ గుసగుసలాడితే పక్కింటివాళ్లు ఊఁ కొట్టేవాళ్లు. అమ్మేమో దానికి పూర్తిగా వ్యతిరేకం. ఆమె మాట వినాలంటే పక్కనే నిలబడి, ఫ్యాన్ కట్టేసి వినాలి. నాన్న పోయాక ఈ ఇద్దరూ ఒకే ఇంట్లో ఇన్నేళ్లు ఎలా సర్దుకున్నారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

"ఎర్రదీపం కంటికి అత్తయ్యా. బుద్ధిగా గీత దగ్గర ఆగుతాను. చలికి వేళ్లు కొయ్యబారిపోతాయి గానీ పచ్చ పడదు. బండి ముందుకు జరుపుతా, వెనక్కు జరుపుతా. దానికి దణ్ణం పెట్టడం ఒక్కటే తక్కువ."

"అయితే దాటెయ్యవే! అంత పొద్దున్నే ఎవడు చూడొచ్చాడు?"

"వెనక పెట్టెలో ఊరందరి రక్తం ఉంటుంది. పడితే పోయేది నా ఒక్కదానిదే కాదుగా."

"మరి రోజూ ఎలా వెళ్తున్నావమ్మా?" అన్నాను.

"ఆస్పత్రి దుప్పట్లు ఉతకడానికి తీసుకెళ్లే వ్యాన్ ఒకటి వస్తుంది. అది నా వెనకాల ఆగితే చాలు, టక్కున పచ్చ పడుతుంది. ఆయన పుణ్యమా అని వెళ్తున్నా," అని అమ్మ మూకుడు మీద మూత పెట్టింది.

మా సెక్షన్ సార్ మంచివాడు. కాకపోతే నిదానం. ఆయన ఒక మాట అనేలోపు మనం రెండు అనేసి నాలిక్కరుచుకోవాల్సి వస్తుంది. నేను సంగతి చెబితే ఆయన టీ గ్లాసు కింద పెట్టి, అరచెయ్యి బల్ల మీద బోర్లా పరిచాడు.

"ఇది కారు. రోడ్డు కింద మన తీగ చుట్ట ఉంది కదా, దాని మీద ఇంత వెడల్పు పొట్ట వచ్చి పడితే తీగలో మార్పు వస్తుంది. సిగ్నల్ పెట్టెలో ఉండే డిటెక్టర్‌కి తెలిసిపోతుంది." తర్వాత అరచెయ్యిని నిలువుగా నిలబెట్టాడు. "ఇది మీ అమ్మగారి బండి. కిందనుంచి చూస్తే ఎంత కనబడుతుంది? గోరంత."

"డిటెక్టర్‌ని ఇంకాస్త చురుగ్గా పెట్టొచ్చు కదా సార్?"

"పెడితే పక్క వరసలో బస్సు పోయినా ఉలిక్కిపడుతుందమ్మా. లేని మనిషి కోసం ఉన్నవాళ్లందర్నీ ఆపేస్తుంది. పోయిన మంచుకాలంలో ఒకచోట అలాగే చేశాం. జనం మమ్మల్ని తిట్టిన తిట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి."

ఆయన చెప్పిందీ నిజమే. ప్రస్తుతానికి తీగ పాతిన గీత మీద సరిగ్గా చక్రాలు పెట్టి ఆగమని అమ్మకి చెప్పమన్నాడు. అంచు మీద ఆగితే బండి కూడా కాస్త తెలుస్తుందట. ఇంటికొచ్చి చెప్పాను.

"ఈ మంచులో రోడ్డే కనబడటం లేదు. రోడ్డు మీద గీత ఎక్కడ వెతకను?" అంది అమ్మ. కానీ ఆమె గొంతులో విసుగు లేదు. అప్పుడు నేను పట్టించుకోలేదు.

ఒక పొద్దున అమ్మ ఇంటికి రావాల్సిన వేళ దాటిపోయింది. నానమ్మ గుమ్మంలో కూర్చుని ప్రతి చప్పుడుకీ తలెత్తుతోంది. ఎండ వచ్చింది, కానీ ఎండకి కూడా చలేస్తున్నట్టు పల్చగా వచ్చింది. అప్పుడు మంచులోంచి అమ్మ బండి తోసుకుంటూ నడిచొచ్చింది. భుజాల చుట్టూ తెల్లటి దుప్పటి కప్పుకుని ఉంది. ఆ దుప్పటి మాది కాదు. చేతి మీద రక్తం ఎండిపోయి ఉంది. ఆమె చేతి మీద ఎప్పుడైనా ఒక చుక్క ఉండటం మామూలే గానీ, అది చుక్క కాదు.

"నాది కాదు అత్తయ్యా, నాది కాదు," అంటూనే మెట్టు మీద కూలబడింది.

బేకరీ నుంచి దుకాణాలకి రొట్టెలు వేసే ఆయన ఒకడున్నాడు, మోటార్‌సైకిల్‌కి రెండువైపులా బుట్టలు కట్టుకుని తిరిగేవాడు. అతను అమ్మ పక్కనే వచ్చి ఆగాడట. ఇద్దరూ చాలాసేపు చూశారట. పచ్చ పడలేదు. వ్యాన్ ఇంకా రాలేదు.

"'ఇది మనల్ని మనుషుల కింద లెక్కేసుకోదు మేడమ్' అని నవ్వాడు," అంది అమ్మ. "నవ్వి, వెళ్లాడు. నేను ఆగమని అరిచాననే అనుకున్నా. నా అరుపు నాకే వినబడలేదు."

లారీ మంచులోంచి వచ్చింది. లారీవాడి తప్పు లేదు, వాడికి పచ్చే ఉంది. రోడ్డంతా రొట్టెలు. అతని కాలు మోకాలి కింద ఎటో తిరిగిపోయి ఉంది. అమ్మ తన స్కార్ఫు విప్పి పైన గట్టిగా కట్టి, వెనక వచ్చే బండ్లేవీ తమ మీదకి రాకుండా టార్చి ఊపుతూ కూర్చుందట. అంతలో దుప్పట్ల వ్యాన్ వచ్చింది. ఆ నడిపే ఆయన వ్యాన్‌ని రోడ్డుకి అడ్డంగా పెట్టి, లైట్లన్నీ వేసి, దుప్పట్లు దొంతరగా పరిచి, అతన్ని వాటి మీద పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లాడు. వెళ్లేముందు వణుకుతున్న అమ్మ మీద ఒకటి కప్పాడు.

నానమ్మ గుమ్మంలోంచి లేచి వచ్చింది. "దాటెయ్యవే" అన్నది తనేనని గుర్తొచ్చిందేమో. అమ్మ పాదాల దగ్గర కూర్చుని, చల్లబడ్డ ఆ పాదాల్ని తన ఒళ్లోకి తీసుకుని, మాట్లాడకుండా రుద్దుతూ ఉండిపోయింది.

నేను ఆఫీసుకి వెళ్లేసరికి సార్ టోపీ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయనకి అప్పటికే తెలిసింది. "పద, చూద్దాం," అన్నాడు. ఆ నిదానం మనిషి ఆ రోజు నాకంటే ముందు నడిచాడు.

కొత్త తీగ వేయడానికి రోడ్డు కోయడం సెలవు రోజు మధ్యాహ్నం పెట్టుకున్నాం. ఒకవైపు బారికేడ్లు అడ్డం పెట్టి, నీళ్లు పోస్తూ, రంపం చక్రంతో తారుని సన్నగా కోస్తుంటే బూడిదరంగు నీళ్లు మా బూట్ల కిందనుంచి పారాయి. పాత చుట్ట చదరంగా ఉండేది. బండి దాని నడుమ ఆగితే తీగ అటూ ఇటూ దూరమై ఏమీ తెలిసేది కాదు. సార్ నడిమధ్యలోంచి కూడా తీగ వెళ్లేలా కొత్త గీత గీయించాడు. అప్పుడు నడుమ ఆగినా కిందే తీగ ఉంటుంది, పక్క వరసలో బస్సుల జోలికీ అంతగా పోదు. ఆ నడుమ చోట తెల్లరంగుతో చిన్న బండి బొమ్మ వేయించాడు.

"ఇప్పుడొక మోటార్‌సైకిల్ కావాలి," అన్నాడు సార్. "పెద్దది వద్దు. తేలికపాటిది."

అమ్మకి ఫోన్ చేశాను. పలచటి ఎండలో అమ్మ వచ్చింది. బొమ్మ మీద ఆగింది. రోడ్డు పక్కన సిగ్నల్ పెట్టె తలుపు తీసి నేను లోపలికి తొంగిచూస్తున్నా. డిటెక్టర్ మీద చిన్న దీపం వెలిగింది. అమ్మ ముందుకు వెళ్లింది, ఆరింది. చుట్టూ తిరిగి మళ్లీ వచ్చింది, వెలిగింది. ఇంకోసారి, ఇంకోసారి. పక్క వరసలో బస్సు పోయింది, వెలగలేదు. సార్ పెద్దగా నవ్వడు గానీ ఆ వేళ ఆయన మీసం కదిలింది. అమ్మ అలా గుండ్రంగా తిరుగుతూనే ఉంది, ఆపమని ఎవరూ చెప్పలేదు గనక. తడి రోడ్డు మీద ఆమె నీడ కూడా తనతోపాటే తిరుగుతుంటే, ఎవరో చిన్నపిల్ల సైకిలు నేర్చుకుంటున్నట్టు అనిపించింది నాకు.

చివరికి నా పక్కన వచ్చి ఆగింది.

"అంటే ఇక నేనొక్కదాన్నే వచ్చినా పచ్చ పడుతుందా?"

"పడుతుంది."

"వెనకాల ఎవరూ రానక్కర్లేదా?"

"అక్కర్లేదమ్మా! ఎవరి పుణ్యమూ అక్కర్లేదు," అన్నాను గర్వంగా.

"ఓహో," అంది అమ్మ. ఒక చేతి గ్లౌజు తీసి, మళ్లీ తొడుక్కుంది. "ఇలా అన్ని చోట్లా కోస్తారా, ఇక్కడొక్క చోటేనా?" అని అడిగి, నేను చెప్పే జవాబు పూర్తిగా వినకుండానే వెళ్లిపోయింది. అలిసిపోయిందనుకున్నా.

మంచులో ఎలా పనిచేస్తుందో చూడాలి గదా. మర్నాడు అమ్మకంటే ముందే లేచి, ఆమెకి చెప్పకుండా వెళ్లి సిగ్నల్ పెట్టె పక్కన నిలబడ్డా. చెప్పకపోవడంలో దురుద్దేశం ఏమీ లేదు, ఆమె మొహంలో ఆశ్చర్యం చూద్దామని ఆశ.

చుట్టూ పాలలో ముంచినట్టుంది. సిగ్నల్ స్తంభం కనబడదు, పైన ఎర్రటి గుండ్రం ఒక్కటి గాల్లో వేలాడుతోంది. పెట్టె లోపలి చిన్న దీపాలు తప్ప నాకు లోకంలో ఇంకేమీ లేదు. ముందు పేపర్లు వేసే ఆయన వచ్చాడు. బొమ్మ మీద ఆగాడు. దీపం వెలిగింది, కాసేపటికి పచ్చ పడింది. ఆయన నమ్మలేక, వెనక ఎవరొచ్చారా అని తిరిగి చూశాడు. ఎవరూ లేరు. నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు పులకరించింది. పోయి ఎవరికైనా చెప్పాలనిపించింది, చెప్పడానికి మంచు తప్ప ఎవరూ లేరు.

తర్వాత అమ్మ బండి చప్పుడు. అది నాకు నిద్రలో కూడా తెలుస్తుంది.

బొమ్మ మీద ఆగింది. దీపం వెలిగింది. పైన ఎరుపు పోయి పచ్చ వచ్చింది. మంచు మొత్తం లేతాకులా అయిపోయింది.

అమ్మ కదల్లేదు.

చూసుకోలేదేమో అనుకున్నా. పిలవబోయాను. కానీ ఆమె పచ్చదీపం వంకే చూస్తోంది, తల పైకెత్తి, నిదానంగా. చూస్తుండగానే పచ్చ పోయింది, ఎరుపు వచ్చింది. పెట్టెలో చిన్న దీపం వెలుగుతూనే ఉంది, మనిషి ఇక్కడే ఉంది, ఇక్కడే ఉంది అని. మళ్లీ పచ్చ పడింది. అమ్మ హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకుని, జుట్టు సర్దుకుంది. ఆ పచ్చ కూడా వెళ్లిపోయింది.

అప్పుడు వెనకనుంచి వ్యాన్ లైట్లు వచ్చాయి. దగ్గరకొచ్చేసరికి ఆయన లైట్లు తగ్గించాడు, కళ్లలో పడకుండా. పక్కకి వచ్చి ఆగి అద్దం దించాడు. సబ్బు వాసన వచ్చింది.

"మొన్న రాలేదేం?" అంది అమ్మ.

"ఏంటండీ?"

"మొన్న! రాలేదేం అంటున్నా!" మా అమ్మ అంత గట్టిగా మాట్లాడగలదని ఆ రోజే తెలిసింది నాకు.

"చెవి డాక్టర్ దగ్గరికి వెళ్లానండీ. ఈ చెవితో ఇంక లాభం లేదన్నాడు. కాస్త ఇటువైపు రండి."

అమ్మ బండి తిప్పుకుని వ్యాన్ అవతలివైపుకి వెళ్లింది. ఇప్పుడు ఇద్దరూ నాకు ఇంకా దగ్గరయ్యారు. మధ్య మంచు మాత్రమే ఉంది.

"సిగ్నల్ బాగు చేశారంట?" అన్నాడాయన.

"మా అమ్మాయే చేసింది."

"ఏంటండీ?"

"మా అమ్మాయి! అదే బాగు చేసింది!"

"ఎంత మంచి పని! రొట్టెలాయనకి చెప్తాను, సంతోషిస్తాడు. నిన్న లేచి కూర్చున్నాడు." సిగ్నల్ వంక చూశాడు. "అయితే మీకిక ఇక్కడ ఆగే పని లేదన్నమాట."

అమ్మ ఒళ్లో హెల్మెట్‌ని అటూ ఇటూ తిప్పింది.

"మరి ఆగారేంటండీ?"

అమ్మ ఏదో అంది. ఆమె అసలు గొంతుతో అంది, ఫ్యాన్ కట్టేసి వినాల్సిన గొంతుతో. నాకు వినబడలేదు. ఆయన 'ఏంటండీ' అంటాడని చూశాను. అనలేదు. చెయ్యి చాపి వ్యాన్ ఇంజన్ ఆపేశాడు.

పచ్చ పడింది, పోయింది. నేను పెట్టె తలుపు చప్పుడవకుండా వేసి, తాళం తర్వాత వేద్దామని అలాగే వదిలేసి, గోడ వారగా ఇంటికి నడిచాను. ఎవరి గది తలుపో పొరపాటున తీసినట్టుంది నాకు. నాన్న గుర్తొచ్చాడు. నవ్వూ వచ్చింది. రెంటిలో ఏది ముందు వచ్చిందో చెప్పలేను.

అమ్మ ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా అడిగింది.

"ఇవాళ పెట్టె దగ్గర నువ్వేనా నిలబడింది?"

"ఊఁ."

"పనిచేస్తోందా?"

"బాగా పనిచేస్తోందమ్మా."

"సరే అయితే," అంది. అంతే, ఆ రోజుకి.

నానమ్మకి ఎవరూ చెప్పలేదు. ఆవిడకి చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది. ఆస్పత్రి దుప్పటి ఉతికి తిరిగివ్వడం మామూలే. కానీ అమ్మ దాన్ని ఇస్త్రీ చేసింది, అంచులు కలిపి, చేత్తో నిమిరి, మడత నచ్చక విప్పి మళ్లీ చేసింది. నానమ్మ మంచం మీంచి అంతా చూసింది.

"ఆ దుప్పట్లాయనకి ఎవరున్నారూ?" అంది.

ఇస్త్రీపెట్టె ఆగింది. "ఎవరూ లేరు అత్తయ్యా. భార్య పోయి చాలా ఏళ్లయిందట."

నానమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత కొన్నాళ్లు ఆవిడ మాట్లాడలేదు. అలిగి అరవడం మాకు అలవాటే, అలిగి ఊరుకోవడం అలవాటు లేదు. ఇల్లంతా మంచు లోపలికి వచ్చినట్టు అయిపోయింది. పక్కింటావిడ గోడ మీదనుంచి తొంగిచూసి, "పెద్దావిడకి ఒంట్లో బాలేదా?" అని అడిగింది. అమ్మ తన పని తను చేసుకుపోయింది. కానీ ఆ రోజుల్లో ఆమె సిగ్నల్ దగ్గర ఆగలేదని నాకు తెలుసు. పెందలాడే ఇంటికి వచ్చేసేది. వచ్చి, ఏదో మర్చిపోయినట్టు వీధిలోకి చూసేది.

ఒక సాయంత్రం నానమ్మ నన్ను పిలిచింది. అమ్మ వెనకగదిలో ట్యూబుల పెట్టె కడుగుతోంది. నానమ్మ తన గొంతు తగ్గించిందనే అనుకుంది పాపం.

"నువ్వేమంటావే?"

"నాకు తెలీదు నానమ్మా."

"తెలీదంటే ఎలా? వాడు నీకు నాన్న, నాకు కొడుకు. మనిద్దరం కాక ఇంకెవరంటారు?"

నేను చూసింది చెప్పాను. "పచ్చ పడింది నానమ్మా. దారి ఉంది. అయినా అమ్మ కదల్లేదు. అలా చూస్తూ కూర్చుంది."

"ఎన్నిసార్లు?"

"నేను చూసినవి రెండు."

"రెండుసార్లా!" అని నానమ్మ దిండుకి చేరగిలబడింది. చాలాసేపటికి, "ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఒకచోట ఊరికే కూర్చోవడం చూశామా దాన్ని," అంది. తర్వాత ఆవిడ కళ్లు తుడుచుకుంటూ అసలు మాట అనేసింది. "అది వెళ్లిపోతే నేనెక్కడికి పోను? నాకిక ఎవరున్నారు?"

వెనకగదిలో నీళ్ల చప్పుడు ఆగిపోయింది. అమ్మ తడి చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నేనెక్కడికి వెళ్తానత్తయ్యా? వస్తే ఆయనే వస్తారు ఇక్కడికి. మీరు రమ్మంటేనే. వద్దంటే ఈ మాట మళ్లీ ఎత్తను."

"అతనికి చెప్పావా? నేనూ ఉంటానని?"

"మొదట అదే చెప్పా."

"ఏమన్నాడు?"

"'ఏంటండీ' అన్నారు. మళ్లీ చెప్పా. 'మంచిదే కదండీ' అన్నారు."

నానమ్మ ముక్కు చీదింది. "కోడలితో పాటు అత్త ఉచితం. బజార్లో సబ్బుల్లాగా." అమ్మకి నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ వచ్చి నానమ్మ మంచం అంచున కూర్చుంది, కూర్చుని ఏడ్చింది. నానమ్మ "ఊరుకో, ఊరుకో" అని వీధి చివరిదాకా వినబడేలా ఓదార్చింది.

ఆయన ఒక మధ్యాహ్నం వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పళ్ల సంచి. కుర్చీ అంచున, బస్సు కోసం చూస్తున్నవాడిలా కూర్చున్నాడు. అమ్మ వంటగదిలోంచి రాలేదు. నానమ్మ ఎదురుగా కూర్చుని మొదలుపెట్టింది.

"ఏ వేళకి లేస్తారు?"

"కోడి కంటే ముందేనండీ."

"తాగుతారా?"

"టీ అండీ. ఎక్కువే."

"కోపం వస్తుందా?"

"వస్తుందండీ."

"వస్తే ఏం చేస్తారు?"

"వినబడే చెవి అటు తిప్పేసుకుంటానండీ."

వంటగదిలో గిన్నె ఏదో జారిన చప్పుడైంది. నానమ్మ నవ్వకూడదని పెదాలు బిగించింది. ఇంకా ఏవేవో అడిగింది, ఉద్యోగం సంగతి, పోయిన భార్య సంగతి. భార్య గురించి ఆయన దాచకుండా చెప్పాడు. చాలా రోజులు మంచంలో ఉందట, చివర్లో ఆమె మాట పూర్తిగా సన్నబడిపోయిందట, తన చెవితో ఆ మాటలు సగం అందుకోలేకపోయాడట. "అదొక్కటే ఇప్పటికీ బాధండీ," అన్నాడు. నానమ్మ ఆయన ముందుకి మంచినీళ్ల గ్లాసు జరిపింది.

లేచేటప్పుడు ఆయన మొహమాటంగా అన్నాడు. "మీతో మాట్లాడుతుంటే ఎంత హాయిగా ఉందోనండీ. ఒక్క మాట కూడా వదిలిపోలేదు నాకు."

పుట్టిన దగ్గర్నుంచీ నెమ్మదిగా మాట్లాడమని అందరిచేతా చెప్పించుకున్న మనిషి మా నానమ్మ. చెంగు సర్దుకుని, ఇంటి పైకప్పు అదిరేలా, "మళ్లీ రండి!" అంది.

మంచు పల్చబడుతూ వచ్చింది. సార్ ఇంకొన్ని కూడళ్లలో కూడా రోడ్డు కోయించాడు. ప్రతిచోటా పరీక్షకి అమ్మ బండే కావాలన్నాడు, ఆమె సంబరంగా వెళ్లింది. రొట్టెలాయన కాలు పూర్తిగా బాగుపడలేదు, కొంచెం ఈడుస్తాడు. కానీ మళ్లీ బండి ఎక్కాడు. మొదటిరోజు మా సిగ్నల్ దగ్గర బొమ్మ మీద ఆగి, పచ్చ పడగానే హారన్ మోగించుకుంటూ వెళ్లాడని దుప్పట్లాయన చెప్పాడు.

అమ్మా దుప్పట్లాయనా ఒక పనిరోజు, దుప్పట్లు దించే పనికీ ఎక్కించే పనికీ మధ్య ఖాళీలో, రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు పెట్టి వచ్చారు. నేనూ నానమ్మా వెంట వెళ్లాం. అధికారి అడిగిన ప్రశ్నలన్నీ నానమ్మే ఆయనకి తిరిగి చెప్పింది. ఆ గదిలోవాళ్లకే కాదు, వరండాలో క్యూలో ఉన్నవాళ్లకి కూడా తెలిసిపోయింది పెళ్లని. వాళ్లలో ఎవరో చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం ఆయన తన బట్టల పెట్టె ఒకటి పట్టుకుని వచ్చాడు. ఆ ఏటి చివరి మంచు ఇంకా సన్నగా పడుతోంది. ఎప్పట్లాగే మెట్టు మీద చెప్పులు విడిచి, వాటిని గోడవారకి జరిపి, కాళ్లు తుడుచుకుని లోపలికి వచ్చాడు. నానమ్మ వసారాలోంచి చూస్తోంది.

"చెప్పులు బయటెందుకు పెట్టావ్?" అంది. "మంచుకి తడిసి ముద్దవుతాయి. లోపల పెట్టు."

ఆయన దగ్గర అందుకున్న పెట్టె అమ్మ చేతిలో అలాగే ఆగిపోయింది. అన్నాళ్లూ ఆయనతో 'మీరు' తప్ప అనని మనిషి నానమ్మ.

"అలాగేనమ్మా," అన్నాడాయన. వెళ్లి చెప్పులు తెచ్చాడు. తెచ్చి, చేత్తో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలీక తలుపు వెనక నిలబడ్డాడు. అక్కడ మా ముగ్గురి చెప్పులూ వరసగా ఉన్నాయి.

నేను వంగి నావి కాస్త పక్కకి జరిపాను.